కళ్ళు మండితే ఓర్చుకోవాలా?

రెండేళ్ళ క్రితం మాఘమాసంలో మా పెదమామగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాం. ఆ రోజు పెళ్ళికూతురి నగల మీద కంటే మా అత్తయ్యగారి కళ్ళ మీదే ఎక్కువమంది చూపు పడింది. రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఏంటొదినా, ఏడ్చావా?" అని ఒకావిడ. "కళ్ళకలకేమో, పిల్లల్ని అటు పోనివ్వకండి" అని ఇంకొకావిడ. భోజనాల దగ్గర ఓ పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, అత్తయ్య చెవిలో అడిగినట్టే అడిగి, పంక్తి అంతటికీ వినబడేలా అంది, "కోడలు బాగానే చూసుకుంటోందా?" అని.

నేను నవ్వేసి ఊరుకున్నాను. అత్తయ్యా నవ్వేశారు. ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాను. పోలేదని ఏడు నెలల తర్వాత తెలిసింది.

అంతకు ఏడాది ముందు, కళ్ళజోడు మార్పిద్దామని వెళ్తే అత్తయ్యకి నీటికాసులు ఉన్నాయని చెప్పారు. డాక్టర్లు గ్లకోమా అంటారు. అప్పుడు ఆవిడకి అరవై రెండేళ్ళు. నొప్పి లేదు, మసక లేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రోజూ చదివే మనిషి. "నాకేం జబ్బమ్మా!" అని ఆవిడే ఆశ్చర్యపోయారు. రాత్రికి ఒక రకం చుక్కలు, పొద్దున్నా సాయంత్రం ఇంకో రకం చుక్కలు రాసిచ్చి, జీవితాంతం మానకూడదన్నారు. మొదటి నెలలోనే అత్తయ్య "మండుతున్నాయమ్మాయ్, ఇసక పడ్డట్టుంది" అన్నారు. డాక్టరుగారితో చెబితే "కాసేపు మండుతుంది, అలవాటైపోతుందమ్మా" అన్నారు. బయట బెంచీ మీద ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ఇంటికొచ్చాక నేనేమన్నానో కూడా చెప్పాలిగా. "మందన్నాక మండదా అత్తయ్యా? కాస్త ఓర్చుకోండి" అన్నాను.

ఆవిడ ఓర్చుకున్నారు. పెళ్ళి దాకా ఓర్చుకున్నారు.

వినాయకచవితి ముందు ఫ్రిజ్ శుభ్రం చేస్తుంటే తలుపు అరలో మూతకి సీలు తీయని మందు సీసాలు నాలుగు కనబడ్డాయి. మావారు ప్రతి నెలా బీపీ మాత్రలతో పాటు తెచ్చి పెట్టినవే. ఆవకాయ జాడీలో నూనె ఎంత తగ్గిందో మూత తీయకుండా చెప్పగలను. గ్యాస్ సిలిండర్ ఇంకెన్ని రోజులొస్తుందో చెప్పగలను. నెలకో సీసా అయిపోవాల్సిన మందు, కూరగాయల కోసం రోజుకి ఇరవైసార్లు తెరిచే తలుపులో పేరుకుపోతుంటే నా కంటికి ఆనలేదు. ఆ మధ్య అత్తయ్య గడప తట్టుకోవడం, పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి పడిపోవడం, మెట్టు దిగేటప్పుడు కాలితో తడుముకోవడం చూస్తూనే ఉన్నాను. "చూసుకుని నడవండి అత్తయ్యా" అని మందలించాను కూడా. చూసుకోవడానికి ఆ వైపు చూపు ఉంటే కదా!

అడిగితే అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు: "పెళ్ళిలో అందరూ అలా అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయిందమ్మాయ్. నీకు మాట రాకూడదని మానేశాను. మానేశాక మంటా తగ్గింది. చూపు బాగానే ఉంది కదా అనుకున్నాను."

గుంటూరులో మరో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పాత ఫీల్డ్ టెస్ట్ కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదానిలో అంచున ఉన్న నల్లమచ్చ కొత్తదానిలో మధ్యకి పాకింది. "ఇది ఇక తిరిగి రాదండీ. ఉన్నది కాపాడుకుందాం" అన్నారు. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను. "చుక్కలు వేసుకుంటుంటే మీకెలా ఉంటోందమ్మా?" అని. అప్పటిదాకా ఒక్కరూ అడగని ప్రశ్న అది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ అరగంట చెప్పారు.

ఇదంతా మా ఇంటి గొడవ, పేపరుకెక్కించడం ఎందుకని మీకనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ రోజు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళలో ఇద్దరు ఇదే కథ చెప్పారు. ఒకావిడ వారం వేసుకుని వారం మానేస్తోందట. ఇంకొకావిడ డాక్టరు దగ్గరికి వచ్చే ముందు రెండు రోజులు మాత్రం బుద్ధిగా వేసుకుంటుందట, పరీక్షకి ముందురోజు చదివే పిల్లల్లా! డాక్టరేమో మందు పనిచేస్తోందనుకుంటారు. ఈవిడేమో డాక్టరుని మోసం చేశాననుకుంటుంది. మోసపోయేది ఆవిడ కన్నే.

అసలు ఈ జబ్బేమిటో డాక్టరమ్మ చెప్పింది నాకర్థమైనంతలో చెబుతాను. కంటి లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతూ, ఒక జల్లెడ లాంటి దారిగుండా బయటికి పోతూ ఉంటుంది. ఆ దారి సరిగా పనిచేయకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి, చూసినదాన్ని మెదడుకి చేరవేసే నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. మామూలుగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 దాకా ఉంటుంది. అయితే కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతింటుంది. అందుకే ఒత్తిడి ఒక్కటీ కొలిపించుకుంటే సరిపోదు, కంటి వెనక నరాన్నీ చూడాలి. చూపు పక్కల నుంచి పోతూ వస్తుంది. మధ్యలో చూపు చివరిదాకా నిలుస్తుంది కాబట్టి పేపరు చదవగలుగుతాం, సూదిలో దారం ఎక్కించగలుగుతాం, మనకేం లేదనుకుంటాం. శుక్లాలైతే ఆపరేషన్‌తో పోయిన చూపు వస్తుంది. దీనిలో పోయింది పోయినట్టే. చుక్కలు వేసేది చూపు తెప్పించడానికి కాదు, ఉన్నది పోకుండా ఉండడానికి. వేసుకున్నా బాగుపడినట్టు తెలియదు, మానినా పాడైనట్టు తెలియదు. తెలిసేది మంట ఒక్కటే. మరి మనిషి దేన్ని నమ్ముతుంది?

ఆ మంటకీ కారణం ఉంది. ఆవకాయ బూజు పట్టకుండా ఉప్పూ నూనే వేసినట్టు, మందు సీసాలో క్రిములు చేరకుండా ప్రిజర్వేటివ్ కలుపుతారు. కంటి చుక్కల్లో ఎక్కువగా వాడేది బెంజాల్కోనియం క్లోరైడ్. దానికి సబ్బు గుణం ఉంది. మన కంటి మీద కన్నీటి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నూనె, నీరు, జిగురు కలిసిన ఆ పొరే కంటికి కవచం. రోజుకి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి ఈ ప్రిజర్వేటివ్ పడుతుంటే ఆ పొర చెడుతుంది. కన్ను పొడిబారి మండుతుంది, ఎర్రబడుతుంది, ఇసక పడ్డట్టుంటుంది. విచిత్రమేమిటంటే కన్ను పొడిబారినవాళ్ళకే ఊరికే నీళ్ళు కారుతుంటాయి. పొడి కళ్ళ బాధ మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి, అందులోనూ నెలసరి ఆగిపోయిన తర్వాత ఎక్కువ. అంటే ముందే పొడిబారిన కళ్ళలో ఈ చుక్కలు వేస్తున్నామన్నమాట. ఒక్కోసారి ప్రిజర్వేటివ్ కాక అసలు మందే కొందరికి పడదు. రెప్పలు దురదపెట్టి ఉబ్బుతాయి, కంటి చుట్టూ నలుపెక్కుతుంది.

ఇంకో సంగతి. పెళ్ళి నుంచి వచ్చాక మావారు మందులషాపులో అడిగి ఎరుపు పోయే చుక్కలు తెచ్చారు. నిజంగానే రెండు రోజుల్లో ఎరుపు పోయింది. అత్తయ్య అప్పుడప్పుడూ అవే వేసుకుంటున్నారు. గుంటూరు డాక్టరమ్మ ఆ సీసా చూసి తల పట్టుకున్నారు. అవి స్టిరాయిడ్ చుక్కలు. కొందరి కళ్ళలో అవి ఒత్తిడిని పెంచుతాయి. ఒత్తిడి తగ్గించే మందు మానేసి, పెంచే మందు వేసుకున్నట్టయింది! చీటీ లేకుండా ఎరుపుకనో దురదకనో కొనే చుక్కల విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆ రోజు తెలిసింది. నందివర్ధనం పూలు చలువని మూసిన రెప్పల మీద పెట్టుకోవడం వేరు. వాటి రసం, చనుబాలు, ఆముదం కంట్లో పిండుకోవడం వేరు. రెండోది పొరపాటున కూడా చేయకండి.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. మంటకి మందుంది. ఓర్చుకోవడమా, మానేయడమా అని రెండే దారులున్నాయనుకున్నాం మేము. మూడో దారి, నోరు తెరిచి చెప్పడం. మా అత్తయ్యకి డాక్టరమ్మ ఏం చేశారో వినండి. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు రాశారు. రెండు మందులు కలిసిన ఒకే సీసా ఇచ్చి, వేసుకోవాల్సిన సార్లు తగ్గించారు. అంతకు ముందు ఆయాసం ఉందా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందా అని అడిగారు. టిమొలాల్ అనే మందు అలాంటివాళ్ళకి ప్రమాదం కావచ్చట. కన్నీటి బదులు వేసుకునే చుక్కలు విడిగా ఇచ్చారు. గోరువెచ్చని తడిబట్టతో రెప్పలు కాచి శుభ్రం చేసుకోమన్నారు. నెల తిరిగేసరికి అత్తయ్య కళ్ళు తెల్లగా అయ్యాయని చెప్పను గానీ, అద్దంలో చూసుకుని "ఫరవాలేదే" అన్నారు.

అందరికీ చుక్కలే గతి అని కూడా లేదు. ఒక రకం లేజర్‌తో ఆ జల్లెడ దారిని బాగుచేసే పద్ధతి ఉంది. బ్రిటన్‌లో, కొత్తగా జబ్బు బయటపడినవాళ్ళలో కొందరికి ముందుగా చుక్కలు, కొందరికి ముందుగా ఈ లేజర్ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. ముందుగా లేజర్ చేయించుకున్నవాళ్ళలో నూటికి 74 మందికి మూడేళ్ళ తర్వాత కూడా చుక్కలు లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. ఇది అందరి కళ్ళకీ పనికిరాదు, దీని ప్రభావం కొన్నేళ్ళకి తగ్గిపోవచ్చు. కానీ "నాకు లేజర్ పనికొస్తుందా?" అని అడగడానికి మొహమాటమెందుకు? మరీ అవసరమైతే ఆపరేషనూ ఉంది. ఏళ్ళ తరబడి ఎర్రబడి వాచి ఉన్న కంటి మీద ఆ ఆపరేషన్ నిలిచే అవకాశం తగ్గుతుందట. కాబట్టి ఇవాళ్టి మంటని చిన్నదని వదిలేస్తే రేపటి వైద్యానికి కూడా అడ్డే.

ఖర్చు మాట ఎత్తకపోతే నేను అబద్ధమాడినట్టే. ప్రిజర్వేటివ్ లేని మందుల ఖరీదు ఎక్కువ. నెలనెలా, జీవితాంతం కొనాలి. అందరి ఇళ్ళలో అది కుదరదు. అలాంటప్పుడు కూడా మానేయడం దారి కాదు. "డాక్టరుగారూ, ఇంత పెట్టలేం, తక్కువలో పడేది చెప్పండి" అని అడగాలి. చీర రంగు నచ్చకపోతే కొట్టువాడి చేత బీరువా మొత్తం దింపించే మనం, కంటిమందు దగ్గర మాత్రం ఎందుకు సిగ్గుపడతాం? హైదరాబాదులో సరోజినీదేవి ఆసుపత్రి, విశాఖపట్నంలో, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ప్రభుత్వానివే ఉన్నాయి. దూరమనుకోకుండా ఒకసారి చూపించుకోవచ్చు.

డాక్టర్లనీ ఒక మాట అనాలి. తీరిక లేదన్నది నిజమే. కానీ "మందు వేసుకుంటున్నారా?" అని అడిగితే ఆడవాళ్ళు "ఆఁ" అంటారు. "వేసుకుంటుంటే ఎలా ఉంది?" అని అడిగితేనే నిజం చెబుతారు. రెండు ప్రశ్నలకీ పట్టే సమయం ఒకటే.

ఇక మన ఇళ్ళ సంగతి. "ఓర్పు ఆడదానికి నగ" అంటూ పెంచారు మనల్ని. ఆ నగ మెడలో వేసుకుని మా అత్తయ్య తన చూపులో కొంత పోగొట్టుకున్నారు. ఆవిడ చదువురాని మనిషి కాదు, మూర్ఖురాలు కాదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా మేలుకునే మనిషి, తన కంటి మంట గురించి రెండోసారి చెబితే నస అనుకుంటారని భయపడ్డారు. మొదటిసారి చెప్పినప్పుడు నేనిచ్చిన జవాబు అలాంటిది మరి. ఆ పెళ్ళిలో పెద్దావిడ మాటని నేను ఎప్పుడో క్షమించేశాను. నా మాటని క్షమించుకోవడానికే ఇంకా కుదరడం లేదు.

ఇప్పుడు మా ఇంట్లో చుక్కల పని అత్తయ్య ఒక్కరిది కాదు. రాత్రి తొమ్మిదింటికి మా చిన్నాడు "నానమ్మా, మందు" అని అరుస్తాడు. ఆవిడ పడుకుని కింది రెప్ప లాగి పట్టుకుంటారు. నేనో, మావారో ఒకే ఒక్క చుక్క వేస్తాం. సీసా మూతి కంటికి తగలనివ్వం. తర్వాత రెప్పలు మూసి, ముక్కు పక్క మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచుతారు. మందు గొంతులోకి జారకుండా కంట్లోనే నిలవాలంటే అది అవసరం. రెండో రకం చుక్కకి అయిదు నిమిషాలైనా ఆగుతాం. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాస్తాను, ఊరగాయ జాడీ మీద రాసినట్టు. చెప్పడానికి పెద్ద పని. చేస్తే పది నిమిషాలు.

నీటికాసులు ఉన్నవాళ్ళ తోబుట్టువులకీ పిల్లలకీ ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువని డాక్టరమ్మ చెప్పారు. మావారిని ఆ వారంలోనే తీసుకెళ్ళి పరీక్ష చేయించాను. మా ఆడపడుచుకి ఫోన్ చేస్తే, "పిల్లాడి పరీక్షలవనీ వదినా" అంది. పరీక్షలయ్యాక "ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం" అంది. ఆ తర్వాత అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఏడాది గడిచాక నేనే వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. జబ్బు లేదు గానీ నరం కొంచెం అనుమానంగా ఉంది, ఏటా వచ్చి చూపించుకోమన్నారు. అన్నగారిని వారంలో చూపించగలిగాం. చెల్లెలికి ఏడాది పట్టింది. ఎందుకో మీకు నేను వివరించక్కర్లేదు.

నలభై దాటినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు, చాలాకాలం స్టిరాయిడ్ మందులు వాడినవాళ్ళు ఒక్కసారి కళ్ళు పూర్తిగా పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి కంట్లో తీవ్రమైన నొప్పి, వాంతులు, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనబడితే తలనొప్పి అనో పైత్యం అనో పడుకోకండి. అది ఇంకో రకం నీటికాసులు కావచ్చు, ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. గంటలు కూడా విలువైనవే అక్కడ.

ఇప్పటికే చుక్కలు వేసుకుంటున్న అత్తగారో అమ్మో మీ ఇంట్లో ఉంటే, ఈ పేజీ మడిచి పెట్టి ముందు రెండు పనులు చేయండి. సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి మందు ఎంత ఉందో చూడండి. తర్వాత ఆవిడ పక్కన కూర్చుని, "వేసుకుంటుంటే ఎలా ఉంటోంది?" అని అడగండి. అడిగి, చెప్పేదాకా లేవకండి.